చేతి కూలి లెక్కలో రాయండి

(మహబూబ్‌నగర్‌లో మహిళా సంఘాల సభ్యుల కుట్టు శిక్షణ ముగింపు సభలో చేసిన ప్రసంగం)

అక్కలకు, చెల్లెళ్లకు, పిల్లల్ని ఒళ్లో పెట్టుకొని కూర్చున్న తల్లులకు నమస్కారం.

కటింగ్, కుట్టు, కాజాలు అన్నీ మీకు ఇక్కడ నేర్పించారు. అందుకే నేను కుట్టు గురించి కాదు, ధర గురించి మాట్లాడతాను.

పిల్లల బట్టలు ఇంట్లో కుట్టడం మనకు కొత్త కాదు. కాన్పు దగ్గరపడుతుంటే అమ్మమ్మ పాత నూలు చీర తీసి జుబ్బాలు, లంగోటీలు, బొంతలు కుట్టి పెడుతుంది. ఎన్నోసార్లు ఉతికి మెత్తబడ్డ నూలు చంటిబిడ్డ ఒంటిని ఒరుసుకోదని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తర్వాత మీరు మీ పాపకు ఒక గౌను కుడతారు. పక్కింటి వదిన చూసి, "మా పాపక్కూడా ఒకటి కుట్టి పెట్టవా" అంటుంది. మన వ్యాపారాలు చాలావరకు ఈ మాటతోనే మొదలవుతాయి. అయితే ఆమె ఎంతియ్యాలె అని అడిగితే మనం మొహమాటంతో, "నీకు తోచినంత ఇయ్యి వదినా" అంటాం. దెబ్బ తినేది అక్కడే.

ఒక లెక్క వేద్దాం. ఏడాది పాప గౌనుకు బట్ట 120 రూపాయలు, లైనింగ్ 25, దారం, గుండీలు, లేసు కలిపి 15 అనుకుందాం. మొత్తం 160. దాన్ని 250కి అమ్మి 90 రూపాయలు లాభం వచ్చిందని సంతోషపడతాం. కొలత తీసుకోవడం, కత్తిరించడం, కుట్టడం, ఇస్త్రీ అన్నీ కలిపి మూడు గంటలు పట్టిందనుకోండి. గంటకు 30 రూపాయలు పడింది. ఎనిమిది గంటలు కూర్చుంటే 240. మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనికి 2025-26లో రోజు కూలి 307 రూపాయలు. అంటే మిషన్ మనది, కరెంటు మనది, నేర్చుకున్న పని మనది, అయినా మట్టిపనికి వచ్చేంత కూడా మనకు రాలేదు. ఆ 90 లాభం కాదు, తక్కువ పడ్డ కూలి మాత్రమే.

ఈ మాట చెబితే చాలామంది, "ఇంట్లో ఊరికే ఉండే బదులు కుడుతున్నా కదా అక్కా" అంటారు. ఊరికే ఎవరున్నారు తల్లీ? వంట, నీళ్లు, పిల్లలు, పశువులు, పత్తి ఏరే రోజుల్లో చేను. బిడ్డ నిద్రపోయిన ఆ కాసేపట్లో నడుం వాల్చకుండా మిషన్ ఎక్కుతున్నారు. అది మీ విశ్రాంతి లోంచి తీసిన సమయం. దానికి ధర కట్టకపోతే ఇంట్లోవాళ్లు కూడా దాన్ని పనిగా చూడరు. "కుట్టు తర్వాత చూసుకో, ముందు ఇది చెయ్యి" అంటారు. నోట్‌బుక్‌లో కూలి అని ఒక గడి పెట్టి అంకె వేయండి. అది చూపించి మాట్లాడొచ్చు.

బడి యూనిఫాంల పని మన సంఘాలకు వచ్చింది. 2024లో జత కుట్టుకూలిని 50 నుంచి 75 రూపాయలకు పెంచారు. మంచిదే, కానీ ఆ ధర మనం పెట్టింది కాదు. సొంతంగా కుట్టే గౌనుకు, లంగా జాకెట్‌కు ధర పెట్టేది మనం. ఆ అవకాశాన్ని మొహమాటానికి వదిలేయొద్దు.

ధర గట్టిగా చెప్పాలంటే పని గట్టిగా ఉండాలి. నూలుబట్టను కత్తిరించే ముందే నానబెట్టి ఆరేయండి. ముడుచుకునేదేదో అప్పుడే ముడుచుకుంటుంది, రంగు దిగుతుందో లేదో కూడా తెలుస్తుంది. నెట్ గౌను, జరీ అంచు పిల్లల ఒంటికి గుచ్చుకుంటాయి, లోపల మెత్తని లైనింగ్ వేయాలి. కుట్టు అంచులు లోపల గరుకుగా వదలొద్దు. మెడ దగ్గర పొడవాటి తాళ్లు పెట్టొద్దు, ఎక్కడైనా చిక్కుకుంటే బిగుసుకుంటాయి. పూసలు, గుండీలు ఊడితే చంటిపిల్లలు నోట్లో పెట్టుకుంటారు, కాబట్టి లాగి చూసి మరీ ఇవ్వండి. లంగాకు లోపల మడత వదిలితే వచ్చే ఏడాది విప్పి పొడుగు చేసుకోవచ్చు. ఆ మడతను కొనే తల్లికి చూపించండి. బజారులో రెడీమేడ్ కొంటే అది దొరకడం తక్కువ.

మనకున్న ఇంకో బలం నేత. నారాయణపేట చీర గళ్లు, ఆ అంచు చిన్నపిల్లల లంగాకు ఎంత అందంగా ఉంటాయో! పిల్ల వయసును బట్టి ఒక చీరలో రెండు మూడు లంగాలు వస్తాయి. బతుకమ్మకు అందరూ ఒకేసారి అడుగుతారు కాబట్టి ఆషాఢంలోనే బట్ట తెచ్చుకొని, శ్రావణం నుంచి కుట్టి పెట్టుకోండి. పండుగ ముందు రాత్రుళ్లు కూర్చుని కళ్లు పాడుచేసుకోవద్దు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవడం, ఉచితం, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అవుతుంది, ఎవరికీ పైసా ఇవ్వొద్దు. చేతివృత్తుల వాళ్ల కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీ పని కూడా ఉంది. శిక్షణ ఇస్తారు, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం, ఐదు శాతం వడ్డీకి మొదటి విడతగా లక్ష వరకు అప్పు ఇస్తారు. కుటుంబంలో ఒక్కరికే. అయితే అప్పు దొరుకుతుందని రెండో మిషన్ కొనొద్దు. మొదటి మిషన్‌కు చేతినిండా పని ఉన్నాకే కొనండి.

చివరగా ఉద్దెర. చిన్న కుట్టు వ్యాపారాలను దెబ్బతీసేది ఇదే. పక్కింటివాళ్లు, చుట్టాలు, సంఘంలో అక్కలు, అడగాలంటే నోరు రాదు. అందుకే కొలత తీసుకున్న రోజే బట్ట ఖర్చు తీసుకోండి. మిగతాది ఇచ్చాకే గౌను చేతిలో పెట్టండి. చుట్టాలకు తగ్గించాలనిపిస్తే కూలిలో ఎంత తగ్గించారో నోట్‌బుక్‌లో రాయండి. అది మీరిచ్చిన కానుక అని మీకూ, వాళ్లకూ తెలుస్తుంది.

ఇప్పుడు అందరూ నోట్‌బుక్ తీయండి. మీరు చివరిగా కుట్టి ఇచ్చిన బట్టకు ఎన్ని గంటలు పట్టింది, ఎంత తీసుకున్నారు, రాయండి. నేను వరుసలోకి వచ్చి ఒక్కొక్కరి లెక్కా చూస్తాను.