పచ్చికకు పైపాటు: వరి లెక్క కుదరదు

శ్రోతలకు నమస్కారం.

కడియం నర్సరీల నుంచి కొరియన్ గడ్డి పలకలు తెచ్చి వాకిట్లో పరిపించుకోవడం మన గోదావరి డెల్టాలో మామూలైపోయింది. చూడముచ్చటగానే ఉంటుంది. చిక్కంతా ఎరువు దగ్గరే వస్తోంది. వరికి పైపాటు, అంటే ఎదుగుతున్న పైరు మీద ఎరువు చల్లడం, అలవాటైన చెయ్యి కదా, యూరియా కనపడితే గుప్పెళ్లతో విసరకుండా ఊరుకోదు. నాలుగు రోజులు తిరగకుండానే పలుకులు కుప్పగా పడ్డచోటల్లా గడ్డి మాడి మచ్చలు తేలుతుంది.

కొరియన్ గడ్డి నిదానంగా పెరిగే రకం, దానికి ఆకలి తక్కువ. సెంటు స్థలానికి, అంటే సుమారు 40 చదరపు మీటర్లకు, విడతకు 200 గ్రాముల యూరియా సరిపోతుంది. దాన్ని పొడి ఇసుకలో కలిపి, సగం నిలువుగా నడుస్తూ, మిగతా సగం అడ్డంగా నడుస్తూ చల్లండి. ఆకు మీద మంచు ఆరాకే చల్లాలి, వెంటనే నీళ్లు పెట్టాలి. అలా వదిలేస్తే అందులోని నత్రజని అమ్మోనియాగా మారి గాలిలో కలుస్తుంది. తొలకరి వానలు కుదురుకున్నాక ఒకసారి, చలి తగ్గాక ఫిబ్రవరిలో మరోసారి వేస్తే చాలు. తుపాను హెచ్చరిక ఉన్నప్పుడూ, వేసవిలో కాలువలు కట్టేసి నీటికి కటకటగా ఉన్నప్పుడూ ఎరువు ఊసే వద్దు.

వానాకాలంలో పచ్చిక పసుపు తిరగగానే బలం చాలలేదని యూరియా డబ్బా తీస్తారు. నన్నడిగితే ముందు గునపం తీయమంటాను. జానెడు లోతు మట్టి పెళ్లగించి ముక్కు దగ్గర పెట్టుకోండి. బూడిదరంగులో జిగటగా ఉండి కుళ్లు వాసన కొడుతుంటే, వేళ్లకు గాలి ఆడటం లేదన్నమాట. మనది నీరు త్వరగా ఇంకని బంకమట్టి. నీరు నిలిచిన చోట ఎరువు వేసినా, మట్టిలోని సూక్ష్మజీవులు అందులో కొంత నత్రజనిని వాయువుగా మార్చి వదిలేస్తాయి. అంచున చిన్న బోదె తీసి నీటిని బయటికి పంపండి. కాస్త ఆరాక గునపంతో గుంటలు పొడిచి, ఇసుకలో జల్లెడ పట్టిన పశువుల ఎరువు కలిపి నింపండి. బాగా మాగిన ఎరువే వాడండి, పచ్చిపేడతో కలుపు గింజలు కూడా దిగుతాయి.

కోసిన గడ్డి తుంపులు సన్నగా ఉంటే ఊడ్చి పారేయకండి, కుళ్లి మళ్లీ దానికే ఆహారమవుతాయి. మిగిలిన యూరియాను గట్టి మూత ఉన్న డబ్బాలో పోసి, పిల్లలకూ పశువులకూ అందనంత ఎత్తున పెట్టండి. గేదెలు ఉప్పనుకుని నాకితే ప్రాణం మీదికి వస్తుంది.