మద్రాసు సభలు చూసొచ్చి మన బెజవాడ గురించి నాలుగు మాటలు

(విజయవాడలో ఒక సంగీత సభ వార్షికోత్సవంలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీద పెద్దలు చాలామంది ఉన్నారు. అందరి పేర్లూ చదివితే నాకిచ్చిన టైము దానికే సరిపోతుంది, కాబట్టి అందరికీ కలిపి ఒకటే దండం. నా తర్వాత కచేరీ ఉంది, లోపల పక్కవాద్యాలవాళ్ళు శ్రుతి చేసుకుంటున్నది ఇక్కడికి వినిపిస్తోంది.

కార్యదర్శిగారు నాకిచ్చిన అంశం 'చెన్నైలో సంగీత యాత్ర'. డిసెంబరులో అక్కడ జరిగే కచేరీల సీజనుకి వెళ్ళేవాళ్ళు ఏమేం చూడాలి, ఎక్కడ వినాలి, ఇవి చెప్పమన్నారు. చెబుతాను. కానీ నాకు ఎన్నాళ్ళుగానో చెప్పాలని ఉన్న మాట ఇంకోటి ఉంది, అది కూడా మీరు వినాలి.

ముందు మ్యూజిక్ అకాడమీ. 1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు దాంతోపాటు సంగీత సమ్మేళనం కూడా పెట్టారు, అక్కడ పుట్టిన ఆలోచనతోనే 1928లో అకాడమీ మొదలైంది. ఇప్పుడున్న పెద్ద హాలుకి 1955లో నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1962లో అది తెరుచుకుంది. సీజన్లో పేరున్నవాళ్ళ సాయంత్రం కచేరీలకి టికెట్ దొరకడం కష్టమే. దొరకలేదని దిగులుపడకండి. పొద్దున్న ఎనిమిదింటికి లెక్‌డెమ్‌లు, అంటే పాడి చూపిస్తూ చేసే ఉపన్యాసాలు ఉంటాయి, ఒక రాగాన్నో ఒక వాగ్గేయకారుణ్ణో పట్టుకుని విద్వాంసులు విప్పి చెబుతారు, వాటికి తప్పకుండా వెళ్ళండి. మధ్యాహ్నం పూట కుర్రకారు కచేరీలు చాలా సభల్లో టికెట్ లేకుండానే వినొచ్చు. తిండి సంగతి మీరు చూసుకోనక్కర్లేదు, సభల ఆవరణలోనే క్యాంటీన్లు పెడతారు, కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని పక్కవాడితో ఇందాకటి తోడి రాగం ఆలాపన గురించి వాదించుకునే మనుషుల్ని అక్కడే చూడాలి.

ఆ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు 1941లో మన ద్వారం వెంకటస్వామి నాయుడుగారికి వచ్చింది, 1978లో మన బాలమురళిగారికి వచ్చింది. మైలాపూరులో రసిక రంజని సభ, ట్రిప్లికేన్‌లో పార్థసారథి స్వామి సభ, ఇవన్నీ ఎలాగూ మీకు ఎవరో ఒకరు చెబుతారు. ఎవరూ చెప్పనివి నేను చెబుతాను.

పినాకిని ఎక్స్‌ప్రెస్ దిగి సెంట్రల్ స్టేషను బయటికి వచ్చారనుకోండి. ఆ పక్కనే, రిపన్ బిల్డింగుని ఆనుకుని ఎర్ర ఇటుకల మేడ ఒకటి ఉంటుంది. విక్టోరియా పబ్లిక్ హాల్. మనలో చాలామంది దాని ముందునుంచే ఆటోలో వెళ్ళిపోయి ఉంటారు. దానికి 1883లో పునాదిరాయి వేసింది ఎవరో తెలుసా? విజయనగరం మహారాజు పూసపాటి ఆనంద గజపతిరాజుగారు! 1891లో బళ్ళారి నుంచి ధర్మవరం కృష్ణమాచార్యులుగారి సరస వినోదిని సభ మద్రాసు వచ్చి తెలుగు నాటకాలు ఆడింది. అవి చూసిన పమ్మల్ సంబంధ ముదలియార్ అనే కుర్రాడికి మనకీ ఇలాంటి సమాజం ఉండాలనిపించి, ఆ ఏడే సుగుణ విలాస సభ పెట్టాడు. ఆయనే తర్వాత తమిళ నాటకానికి పెద్ద దిక్కయ్యాడు. తెలుగు నాటకం తమిళ నాటకరంగానికి దారి చూపిన సంగతి ఇది. మనం ఆ హాలుని దాటుకుని టీనగర్‌లో పట్టుచీరలకి పోతున్నాం.

అక్కణ్ణుంచి జార్జ్‌టౌన్. అక్కడ నడవాలి, వేరే దారి లేదు. తోపుడుబండ్లు, కాగితం బేళ్ళు, స్టీలు సామాన్ల కొట్లు, తలెత్తితే కరెంటు తీగలు. ఆ సందుల్లోనే బందర్ వీధిలో కోవూరు సుందరేశ ముదలియార్ ఇంట్లో త్యాగరాజస్వామి బస చేశారు, ఆ పరిచయంతోనే మద్రాసు దగ్గరి కోవూరు వెళ్ళి అయిదు కీర్తనలు చెప్పారు. ఆ చుట్టుపక్కలే వీణ ధనమ్మాళ్ ఇల్లు ఉండేది. 1938లో పోయారావిడ. శుక్రవారం సాయంత్రాలు ఆవిడ ఇంట్లో వీణ వాయిస్తూ పాడేవారు, పెద్దపెద్ద విద్వాంసులంతా వచ్చి కిక్కురుమనకుండా కూర్చునేవారు. మైకు లేదు, సన్నటి నాదం, వినాలంటే ఊపిరి బిగబట్టాలి. మరి ఆవిడ ఏం పాడితే వినడానికి అంత పేరో తెలుసా అండీ? క్షేత్రయ్య పదాలు. మువ్వగోపాలుడి పదాలు. మువ్వ ఎక్కడుంది? ఇక్కణ్ణుంచి కూచిపూడి వైపు బస్సెక్కితే గంటన్నర! మన కృష్ణాజిల్లా ఊరి పదాన్ని ఆవిడ కుటుంబం తరాల తరబడి కాపాడింది, మనవరాళ్ళు బృంద, ముక్త పాడారు, బాలసరస్వతి అభినయించింది. మనం క్షేత్రయ్య పేరు ఒక కళాక్షేత్రానికి పెట్టుకున్నాం. సంతోషమే. ఆ కళాక్షేత్రంలో క్షేత్రయ్య పదం మీరు చివరిసారి ఎప్పుడు విన్నారు?

ఇంకొక్కటి. ఆర్మీనియన్ వీధిలో గోఖలే హాల్. మన బీసెంట్ రోడ్డు ఎవరి పేరు మీద ఉందో ఆ అనీ బీసెంటమ్మ పెట్టిన సంఘం కట్టిన హాలు. హోంరూల్ ఉపన్యాసాలు అక్కడే, కచేరీలూ అక్కడే. దాన్ని కూల్చడం మొదలుపెడితే ఊళ్ళో జనం ఊరుకోలేదు, కోర్టుకెళ్ళి ఆపించారు. ఇదీ నేను చెప్పాలనుకున్నది. మద్రాసులో కూడా పాతవి పడిపోతూనే ఉన్నాయి, కానీ అడిగేవాడు ఒకడుంటున్నాడు.

ఇక్కడ ఎవరున్నారు?

మన ఊళ్ళో ఒక పాత హాలు, పేరు చెప్పను. చిన్నప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని అక్కడికి వెళ్ళేవాణ్ణి. గోడల మీద చుట్టూ విద్వాంసుల ఫొటోలు, గంధపు దండలు, కింద తెల్ల పెయింటుతో పేరూ, పాడిన తేదీ. కొన్నాళ్ళ కిందట మళ్ళీ వెళ్ళాను. హాలు నిండా నైటీల ఎగ్జిబిషన్. గోడలకి కొత్త రంగు, మేకులు కూడా లేవు. ఫొటోలేవని అడిగితే వాచ్‌మన్ జనరేటర్ గదికి తీసుకెళ్ళాడు. డీజిల్ డబ్బాల వెనకాల గోడకి ఆనించి పెట్టారు. ఒకటి తీసి గుడ్డతో తుడిచాను. చెద మొహమంతా తినేసింది, పేరు తినేసింది, కమాను పట్టుకున్న కుడిచెయ్యి మాత్రం మిగిలింది. ఫిడేలు విద్వాంసుడని తెలుస్తోంది, ఎవరో ఇంక తెలియదు. ఎప్పటికీ తెలియదు! మేనేజరుగారిని అడిగాను. "పాతవి కదండీ, ఎవరూ అడగలేదు" అన్నారు. ఆయన్ని నేనేమీ అనలేదు, ఆయన చెప్పింది నిజం. ఎవరూ అడగలేదు.

అమ్మా, వెనక వరసలో ఉన్నవాళ్ళు కూడా వినండి. త్యాగరాజస్వామి శిష్యులు మానంబుచావడి వెంకటసుబ్బయ్యగారు, ఆయన దగ్గర సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు, ఆయన దగ్గర పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు, పంతులుగారి దగ్గర బాలమురళి. అంటే స్వామి నుంచి నాలుగు అంగల్లో మన బెజవాడ! ఎనిమిదేళ్ళ పిల్లాడు ఈ ఊళ్ళోనే సద్గురు ఆరాధనలో పాడితే, విన్న ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతారుగారు మురళీకృష్ణ పేరుకి ముందు 'బాల' అని చేర్చారు. 1948 డిసెంబరు 1న ఇక్కడ రేడియో స్టేషను మొదలైంది, ఆ స్టూడియో నుంచి వచ్చిన భక్తిరంజనితో మన ఇళ్ళల్లో తెల్లారేది. చెన్నై వెళ్ళి చూడాల్సినంతది మన ఇంట్లోనే ఉంది, చూపించే మనిషి లేడు. సత్యనారాయణపురం, గాంధీనగరం వాళ్ళు ఇక్కడ ఉన్నారు కదా, మీ పిల్లల్లో ఎవరినైనా అడగండి, పంతులుగారెవరో చెబుతారేమో.

కార్యదర్శిగారు వాచీ చూస్తున్నారు, ముగిస్తాను. నేను అడిగేది పెద్దదేమీ కాదు. విగ్రహాలు వద్దు, శాలువాల ఖర్చులో కొంత చాలు. ఇక్కడ పలానా సంవత్సరంలో పలానావారు పాడారు, ఈ ఇంట్లో పాఠం చెప్పారు అని ఒక రాతిపలక. అది పెట్టాలంటే ముందు వివరాలు కావాలి, అవి మీ దగ్గరే ఉన్నాయి. ఎనభై దాటిన పెద్దవాళ్ళు ఈ హాల్లో ముందు వరసలోనే కూర్చున్నారు, వాళ్ళు చెప్పగలిగినప్పుడే రాసుకోవాలి. బయట చెప్పుల స్టాండు పక్కన బల్ల మీద ఒక నోటుబుక్కు పెట్టించాను. మీకు గుర్తున్న హాలు, వీధి, పాడినవారి పేరు, ఏ ఉత్సవమో రాయండి, కింద మీ ఫోన్ నంబరు కూడా వేయండి. ఇంట్లో పాత ఆహ్వానపత్రాలు, కచేరీ ఫొటోలు ఉంటే వచ్చే ఆదివారం ఇక్కడికే తీసుకురండి, మీ ఎదురుగానే స్కాన్ చేసి వెంటనే ఇచ్చేస్తాం. ఇక కచేరీ వినండి. తని ఆవర్తనం, అంటే మృదంగం ఒక్కటే వినిపించే ఘట్టం, అయ్యేదాకా దయచేసి ఎవరూ లేవకండి, మృదంగం వాయించబోయే అబ్బాయి తెనాలి నుంచి వచ్చాడు.