శివారు పొలానికి నీరందకపోతే: మెదడు, రక్తప్రసరణ, డిమెన్షియా

"నాన్నగారికి మెదడుకి రక్తం తగ్గిందట, రక్తం పట్టే టానిక్ ఏదైనా చెప్పండి." డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన రోజువారీ పనులకు అడ్డొచ్చేంతగా దెబ్బతినడం గురించి మాట్లాడిన ప్రతిసారీ ఈ మాట వింటున్నాను. విన్నప్పుడల్లా బాధేస్తుంది. ఒంట్లో రక్తం ఉండటం వేరు, అది మెదడు మూలమూలకూ చేరడం వేరు.

ఒక పంట కాలువను తలచుకోండి. చెరువు నిండుగా ఉంది, మొదటి పొలాలకు పుష్కలంగా నీరు పారుతోంది. శివారు పొలం మాత్రం నెర్రెలిచ్చింది. మధ్యలో పిల్లకాలువ పూడిపోయింది మరి! చెరువులో ఇంకో అడుగు నీరు పోస్తే ఆ పూడిక పోతుందా?

మెదడులోనూ శివారు పొలాలున్నాయి. లోపలి భాగాలను ఒకదానితో ఒకటి కలిపే వైట్ మ్యాటర్ అలాంటిదే. లోతున ఉన్న ఆ చోటికి రక్తం వెళ్లేది చాలా సన్నని నాళాల గుండా. అవి మూసుకుపోతే పక్క నాళం నుంచి సాయం అందేది తక్కువ. పైగా మెదడు శరీర బరువులో 2 శాతమే అయినా, ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం వాడుకుంటుంది. దాచుకోవడానికి గాదె లేదు, ఏ పూటకు ఆ పూటే.

ఏళ్ల తరబడి బీపీ, షుగర్ అదుపులో లేకపోతే ఈ పిల్లకాలువల గోడలు మందమై, బిరుసెక్కుతాయి. పక్షవాతంలా ఒక్కసారిగా బయటపడదు కాబట్టి ఎవరికీ తెలియదు. ఎంఆర్ఐ తీస్తే తెల్లని మచ్చలు కనిపిస్తాయి. చాలామందిలో మతిమరుపు కంటే ముందు ఆలోచన మందగిస్తుంది, అలవాటైన పని వరసగా చేయడం తడబడుతుంది, నడక మారుతుంది. "వయసైపోయింది" అని మనం వదిలేసేది సరిగ్గా ఇక్కడే, నా కోపమంతా అందుకే.

మరి అల్జీమర్స్ వేరే జబ్బు కదా అంటారు. వేరే, కానీ పెద్ద వయసులో చాలామందికి రెండూ కలిసే ఉంటాయి. అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమైలాయిడ్ అనే ప్రొటీన్, సన్న నాళాలను చుట్టుకుని ఉండే పెరిసైట్ కణాలను బిగుసుకునేలా చేస్తుంది. అంటే పిల్లకాలువ తూములు దించేసినట్టు. ఇంకో మెలిక కూడా ఉంది: పంట వేయని పొలం నీరు అడగదు. దెబ్బతిన్న మెదడు భాగం పని తగ్గించుకుంటే అక్కడికి రక్తం రావడమూ తగ్గుతుంది. కాబట్టి స్కాన్‌లో రక్తప్రసరణ తక్కువగా కనిపించినంత మాత్రాన జబ్బుకు అదే కారణం అనలేం, అది జబ్బు ఫలితం కూడా కావచ్చు.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. 9,000 మందికి పైగా పాల్గొన్న స్ప్రింట్ మైండ్ అనే బీపీ అధ్యయనం ఫలితాలు 2019లో వచ్చాయి. పై బీపీని 140 కంటే తక్కువగా కాక, 120 కంటే తక్కువగా ఉంచాలని చూసినవాళ్లలో, డిమెన్షియాకు ముందు దశ కాగల జ్ఞాపకశక్తి, ఆలోచనల స్వల్ప లోపం సుమారు 19 శాతం తక్కువ. డిమెన్షియా మాత్రం తగ్గిందని గట్టిగా తేలలేదు. సిగరెట్ మానాలి, నడవాలి, షుగర్ చూసుకోవాలి. అలాగని బీపీ మాత్రలు సొంతంగా పెంచేయకండి. లేచి నిలబడగానే కళ్లు తిరుగుతుంటే డాక్టర్‌కి చెప్పండి. కాలువలో మట్టం మరీ పడిపోయినా ముందు ఎండేది శివారు పొలమే.