థైరాయిడ్ సపోర్ట్ క్యాప్సూల్స్ ఆపాక ఒళ్లు చల్లబడిందా? 9 వారాల థర్మామీటర్ రివ్యూ

నమస్తే అండి. ఈ చేతిలో థర్మామీటర్, ఈ చేతిలో ఖాళీ డబ్బా. ఇవాళ్టి రివ్యూ రెండింటికీ. డబ్బా మీద పేరున్న వైపు టేపు వేసేశాను. పేరు తెలిసినా ఒరిగేదేం లేదు, ఇలాంటివి బోలెడున్నాయి. వెనక వైపు మాత్రం చూపిస్తాను.

కెమెరా కొంచెం దగ్గరికి తెస్తున్నా. చూశారా? అయోడిన్, సెలీనియం, అశ్వగంధ, బయోటిన్. ఇంకా కిందికి రండి. ఈ చీమ తలకాయంత అక్షరాల్లో 'బోవైన్ థైరాయిడ్ గ్లాండ్యులర్' అని ఉంది కదా. అంటే పశువుల థైరాయిడ్ గ్రంథిని ఎండబెట్టి కొట్టిన పొడి. ఆ లైను చదవకుండానే ఐదు నెలలు మింగాను దీన్ని. ఎప్పుడూ చలి, ఎప్పుడూ నీరసం. థైరాయిడేమోనని నాకు నేనే డాక్టరునైపోయి కొనుక్కున్నా. ఒక్క రక్త పరీక్ష కూడా చేయించలేదు. తిట్టాలనుంటే కామెంట్లలో తిట్టండి, పడతాను.

నిజం చెప్పాలంటే మొదట్లో బాగానే ఉంది. చలి తగ్గింది, హుషారొచ్చింది. నాలుగో నెలకొచ్చేసరికి అరచేతులకు చెమటలు, రాత్రుళ్లు నిద్ర లేదు, ఊరికే కూర్చున్నా నాడి 92. అప్పుడు వెళ్లాను డాక్టరు దగ్గరికి. టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్‌ని పని చేయమని మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్, ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే ఇది తగ్గుతుంది. నాకు 0.08 వచ్చింది. మామూలుగా 0.4 నుంచి 4 దాకా ఉండాలి. రిపోర్టు చూసి ఆవిడ అడిగిన మొదటి మాట, "ఏమ్మా, ఏం వాడుతున్నారు?"

డబ్బా చూపించాను. బయోటిన్ ఎక్కువగా తీసుకుంటే కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో టీఎస్‌హెచ్ లేనిపోని తక్కువ చూపిస్తుందట. అందుకని మూడు రోజులు అన్నీ మానేయించి మళ్లీ రక్తం తీయించారు. అయినా తక్కువే. అంటే క్యాప్సూల్స్‌లో హార్మోన్ నిజంగానే ఉందన్నమాట.

ఇది నా ఒక్కదాని దురదృష్టం అనుకోకండి. 2013లో 'థైరాయిడ్' అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. మార్కెట్లో దొరికే 10 రకాల థైరాయిడ్ సప్లిమెంట్లను పరీక్షిస్తే 9 రకాల్లో టీ3 హార్మోన్ దొరికింది, 5 రకాల్లో టీ4 కూడా ఉంది. ఈ రెండూ మన థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోన్లే. మందుల చీటీ లేకుండా అమ్మే సరుకు అది!

సరే, ఆపేయమన్నారు, ఆపేశాను. ఆపితే మెటబాలిజం పడిపోతుందని, ఒళ్లు మంచుగడ్డ అయిపోతుందని అక్కడా ఇక్కడా చదివి ఉన్నాను కదా, భయం పట్టుకుంది. అందుకే ఈ థర్మామీటర్ కొన్నాను.

ముందు దీని సంగతి. ఇది బేసల్ థర్మామీటర్. పాయింటు తర్వాత రెండు అంకెలు చూపిస్తుంది. జ్వరం చూసుకునే మామూలు డిజిటల్‌లో ఒక్క అంకే ఉంటుంది. మనం వెతికే తేడా చాలా చిన్నది కాబట్టి రెండో అంకె పనికొస్తుంది. చీకట్లో కూడా కనిపించేలా లైటుంది, నిన్నటి రీడింగ్ గుర్తుపెట్టుకుంటుంది. బీప్ శబ్దమే దారుణం, పక్కనున్నవాళ్లు కూడా లేచి కూర్చుంటారు.

ఇప్పుడిది చూడండి, ఒకే పొద్దున తీసిన మూడు రీడింగులు. నోరు తెరిచి పడుకుని లేచీ లేవగానే 97.12. నోరు మూసుకుని ఐదు నిమిషాలు ఆగి పెడితే 97.38. వెంటనే ఇంకోసారి, 97.41. అదే సమయంలో చంకలో పెడితే 96.6. మనిషిని నేనే, మంచం అదే, ఆ పది నిమిషాల్లో నా థైరాయిడ్‌కి ఏమీ కాలేదు. అందుకని ఏ పద్ధతి పట్టుకున్నా దాన్నే పట్టుకోవాలి. నేను నాలుక కింద, మంచం దిగకముందు, నోరు మూసుకున్న ఐదు నిమిషాల తర్వాత. నుదుటికి గురిపెట్టే రకం మాత్రం ఈ పనికి అస్సలు వద్దు. ఎందుకో చెప్తాను.

ఇక గ్రాఫ్. 9 వారాలది, మొత్తం చేత్తోనే గీశాను, వంకర్లుంటే సర్దుకోండి.

మొదటి వారం ఏమీ కాలేదు. 'అబ్బే, ఏం కాదులే' అనుకున్నా. నిజానికి అప్పటికి పెద్దగా ఏమీ కాకూడదు. టీ4 రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు ఒక వారం పడుతుంది. టీ3 ఒకటి రెండు రోజుల్లోనే సగమైపోతుంది కానీ, శరీరం టీ4 నుంచి టీ3 తయారుచేసుకుంటూనే ఉంటుంది. ఆపిన మర్నాడే 'చల్లబడ్డాను' అని ఎవరైనా అంటే అది ఎక్కువగా భయమే.

ఇదిగో ఇక్కడ, మూడో వారం మొదట్లో, పెద్ద మెట్టు కనిపిస్తోందా? ఒక్కసారిగా 0.7 పైకి పోయింది. నేనైతే కంగారుపడ్డాను, హార్మోన్ ఆపాక వేడి తగ్గాలి కదా, పెరిగిందేంటని. తర్వాత పీరియడ్ తేదీలు పక్కన రాసుకుంటే తెలిసింది, అది అండం విడుదలైన టైము. ఆ తర్వాత వచ్చే ప్రొజెస్టెరాన్ వల్ల ఉష్ణోగ్రత అలా పెరిగి, మళ్లీ పీరియడ్ వచ్చేదాకా అక్కడే ఉంటుంది. అంటే 9 వారాల గ్రాఫ్‌లో అన్నిటికంటే పెద్ద మార్పుకి థైరాయిడ్‌తో సంబంధమే లేదు.

అందుకని నెలలో ఒకే దశలో ఉన్న వారాలు మాత్రమే పోల్చాను. మొదటి వారం సగటు 97.58. ఐదో వారం 97.22. తొమ్మిదో వారం 97.51. తగ్గింది, నిజమే. ఎంత? 0.36. ఇందాక నోరు తెరిచి పడుకున్నందుకు వచ్చిన తేడా 0.26. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఎవరి శరీరంలోనైనా తెల్లవారుజామున ఉన్న వేడికీ సాయంత్రం ఉండే వేడికీ మధ్యే దాదాపు ఒక డిగ్రీ ఫారెన్‌హీట్ తేడా ఉంటుంది.

మరి చలి? అది నిజంగా వేసింది! మూడో వారం నుంచి ఆరో వారం దాకా వేళ్లు చల్లగా, సాక్సు లేకుండా నిద్ర పట్టేది కాదు. థర్మామీటర్‌లో మూడు పాయింట్లు, దుప్పట్లు మాత్రం రెండు. డాక్టరుని అడిగితే చెప్పారు. టీ3 అంటే కణాలు శక్తిని ఖర్చుచేసే వేగాన్ని పెంచే హార్మోన్. అది తగ్గితే లోపల వేడి తయారవడం తగ్గుతుంది. అప్పుడు శరీరం లోపలి వేడిని పోనివ్వకుండా చర్మంలోని రక్తనాళాలను బిగిస్తుంది. గుండె, కాలేయం వెచ్చగానే ఉంటాయి, చేతులూ కాళ్లూ చల్లబడతాయి. నుదుటి థర్మామీటర్ వద్దన్నది ఇందుకే. అది కొలిచేది చర్మాన్ని.

ఇంకొకటి. ఐదు నెలలు బయట్నుంచి హార్మోన్ వస్తుంటే పిట్యూటరీ చేతులు కట్టుకుని కూర్చుంది. నేను ఆపేశాక అది లేచి, థైరాయిడ్‌ని లేపి, మళ్లీ పనిలో పెట్టడానికి కొన్ని వారాలు పట్టింది. ఐదో వారంలో ఆ పల్లం అదే. థైరాయిడ్ ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అది మళ్లీ లేస్తుందని 1951 నుంచీ వైద్యులకు తెలుసు.

గ్రాఫ్ కంటే నాడే నాకు ఎక్కువ చెప్పింది. 92 నుంచి నాలుగో వారానికి 66, తొమ్మిదో వారానికి 72. నాడి లెక్కపెట్టడానికి కొనాల్సిందేం లేదు, గడియారం చాలు.

పొద్దున్నే థర్మామీటర్ పెట్టుకుని థైరాయిడ్ చూసుకునే ఈ అలవాటు ఎక్కడిదో తెలుసా? బ్రోడా బార్న్స్ అనే అమెరికా వైద్యుడు 1942లో రాసిన వ్యాసం నుంచి. చంకలో 97.8 కంటే తక్కువుంటే అనుమానించాలన్నాడాయన. నేను ఆయన్ని ఎగతాళి చెయ్యను. అప్పటికి టీఎస్‌హెచ్ రక్త పరీక్షే లేదు. మనిషిని పడుకోబెట్టి ఎంత ఆక్సిజన్ పీలుస్తున్నాడో కొలిచేవాళ్లు, దానికంటే థర్మామీటర్ సుళువు. ఆ తర్వాత పరీక్షలొచ్చాయి. మనం ఇంకా చంక దగ్గరే ఉండిపోతే తప్పు ఆయనది కాదు.

ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి. నేను ఆపింది డాక్టరు రాయని సప్లిమెంట్. మీకు థైరాయిడ్ తక్కువుందని రాసిచ్చిన థైరాక్సిన్ మాత్రలైనా, ఆపరేషన్లో గ్రంథి తీసేశాక వాడుతున్న మాత్రలైనా ఈ వీడియో చూసి ఆపకండి. నా థైరాయిడ్ మళ్లీ లేచింది, మీకు లేవడానికి అది ఉండకపోవచ్చు. అలాంటివాళ్లు నెలల తరబడి మానేస్తే ఒంట్లో వేడి 95 కిందికి కూడా పడిపోవచ్చు. మనిషి మత్తుగా, మాట ముద్దగా, నాడి నెమ్మదిగా ఉంటే గ్రాఫ్ గీస్తూ కూర్చోకూడదు, వెంటనే ఆస్పత్రి. పాత పాదరసం థర్మామీటర్లలో అంకెలు 94, 95 దగ్గరే మొదలవుతాయి, అంతకంటే పడితే అందులో తెలియదు కూడా.

రేటింగ్ అడుగుతారు కదా. థర్మామీటర్‌కి, నెలసరి లెక్కలకైతే ఐదుకి నాలుగు, ఒకటి బీప్ మింగేసింది. థైరాయిడ్ కోసమైతే ఒకటి. డబ్బాకి సున్నా.

తొమ్మిదో వారంలో టీఎస్‌హెచ్ 2.1 వచ్చింది, మామూలే. మరి మొట్టమొదట నేను ఈ డబ్బా కొన్న ఆ చలి ఎందుకు? ఈసారి డాక్టరు ఫెరిటిన్ కూడా రాశారు. ఐరన్ నిల్వలు అడుగంటాయి. అదన్నమాట, మొదట్నుంచీ. ఐరన్ మాత్రలు మొదలుపెట్టి పది రోజులైంది. కెమెరాలో కనపడట్లేదు గానీ, ఇప్పుడు కూడా సాక్సు వేసుకునే కూర్చున్నాను.