పెరోల్ మీద వచ్చినవాళ్ళ కాలికి ట్రాకర్: మనం అడగాల్సిన కాగితాలు

(నెల్లూరులో సమాచార హక్కు వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, వేదిక మీదున్న పెద్దలకు, కోర్టు పని వదులుకుని వచ్చిన న్యాయవాదులకు, వెనక నిలబడే వింటున్న లా విద్యార్థులకు నమస్కారం. నాకు ఇచ్చిన అంశం సమాచార హక్కు చట్టం సాధించిన విజయాలు. చట్టం 2005 అక్టోబరు 12న పూర్తిగా అమల్లోకి వచ్చింది కాబట్టి ఏటా ఈ వారంలో ఆ విజయాల గురించి వింటూనే ఉన్నాం. ఆ అంశం నాకంటే బాగా చెప్పగలవాళ్ళు ఈ వేదిక మీదే ఉన్నారు. నేను ఒక్క వస్తువు గురించి మాట్లాడతాను. పెరోల్ మీద బయటికొచ్చిన ఖైదీ కాలికి కట్టే ట్రాకర్.

చీలమండ మీద బిగించే పట్టీ అది. లోపల ఒక జీపీఎస్ రిసీవరు, ఒక సిమ్, ఒక బ్యాటరీ ఉంటాయి. పట్టీని కోస్తే తెలిసిపోయేలా దాంట్లోనే ఒక తీగ తిరిగి ఉంటుంది. ఉపగ్రహాల సంకేతాలు పట్టుకుని తానెక్కడుందో లెక్కగడుతుంది, ఆ లెక్కను సెల్ టవర్ ద్వారా కంట్రోల్ రూముకు పంపుతుంది. ఆకాశమైనా కనపడకపోయినా, టవరైనా అందకపోయినా దాని పని ఆగిపోతుంది. ఈ రెండు షరతులూ గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

మన దేశంలో ఇది ఎక్కడిదాకా వచ్చింది? 2023లో కేంద్ర హోం శాఖ మోడల్ జైళ్ళ చట్టం తయారుచేసి రాష్ట్రాలకు పంపింది. అందులో 29వ సెక్షను ఉంది. ట్రాకర్ కట్టుకోవడానికి ఖైదీ ఇష్టపడితే, ఆ షరతు మీద పెరోల్ లాంటి సెలవు ఇవ్వవచ్చు. ఉల్లంఘిస్తే ఆ సెలవు రద్దు, ముందుముందు సెలవులకు అనర్హత. అదే ఏడాది నవంబరులో జమ్మూకశ్మీర్ పోలీసులు కోర్టు ఉత్తర్వుతో బెయిలు మీద విడుదలైన ఒక నిందితుడి కాలికి పట్టీ కట్టారు. 2024 జూలై 8న సుప్రీంకోర్టు ఫ్రాంక్ వైటస్ కేసులో, నిందితుడి ప్రతి కదలికనూ పోలీసులు ఎప్పటికప్పుడు చూసుకునేలా బెయిలు షరతు పెట్టడం కుదరదని, అది రాజ్యాంగం 21వ అధికరణం కింద గోప్యతకు భంగమని చెప్పింది. అది బెయిలు సంగతి. పెరోల్ మీదున్నవాడు శిక్ష పడినవాడు, కాబట్టి అతని దగ్గర మాట ‘ఇష్టం’ మీదికి మళ్ళింది.

అమ్మ ఆఖరి ఘడియల్లో ఉందని కబురొచ్చిన మనిషి ముందు కాగితం పెట్టి, ఇష్టమేనా అని అడిగితే ఏమంటాడు? చెప్పండి. మీలో ఎవరైనా సరే, కాదంటారా?

జైళ్ళు రాష్ట్ర జాబితాలోని విషయం. మోడల్ చట్టం మన అసెంబ్లీ చట్టం చేస్తే తప్ప ఇక్కడ చట్టం కాదు. అందుకే ఇవాళే అర్జీ వెయ్యాలంటున్నాను. పట్టీలు కొన్నాక టెండరు షరతులు మార్చమంటే ఎవరూ మార్చరు. మొదటి అర్జీ సచివాలయంలో హోం శాఖ పౌర సమాచార అధికారికి. ‘మోడల్ ప్రిజన్స్ చట్టం 2023 మీద కేంద్రంతో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలు, నోట్ ఫైలు, ఎలక్ట్రానిక్ ట్రాకింగ్ మీద జైళ్ళ శాఖ పంపిన ప్రతిపాదనలు, సమ్మతి పత్రం నమూనా ఖాళీ ఫారం’. ఆ ఫారం తెలుగులో ఉందా లేదా అన్నది దాన్ని చూస్తేనే తెలుస్తుంది. రెండో అర్జీ జైళ్ళ శాఖ ప్రధాన కార్యాలయానికి. మూడోది మన చెముడుగుంట కేంద్ర కారాగారం సూపరింటెండెంటుకి, ఒంగోలు వాళ్ళయితే అక్కడి జైలుకి. నాలుగోది జిల్లా ఎస్పీ కార్యాలయానికి. ‘మా దగ్గర అలాంటి పరికరం ఒక్కటీ లేదు’ అని జవాబొస్తే పారెయ్యకండి. సంతకం, తేదీ ఉన్న ఆ జవాబు రేపు టెండరు బయటపడ్డ రోజున చాలా పనికొస్తుంది.

అడిగే తీరు ఒకటి చెప్పాలి. ‘పట్టీలు ఎందుకు కడుతున్నారు’ అని రాస్తే అర్జీ అక్కడే చచ్చిపోతుంది. రికార్డులో ఉన్నదే ఇస్తారు, లేనిది తయారుచేసి ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్ఈ కేసులో చెప్పింది. ‘ఎంత శాతం తప్పుడు అలర్టులు’ అన్నా అంతే, లెక్కగట్టడం మా పని కాదంటారు. కాగితం పేరు పెట్టి అడగండి. ఆ పేరు ఎలా తెలుస్తుందంటే, ముందు అగ్రిమెంటు అడగండి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(ఎఫ్)లో సమాచారం అన్న మాటకి కాంట్రాక్టులు, లాగ్‌బుక్కులు, ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న డేటా అని విడివిడిగానే రాసుంది. కంపెనీ నెలనెలా ఏయే నివేదికలు ఇవ్వాలో ఇలాంటి అగ్రిమెంట్లలో మామూలుగా రాసుకుంటారు. ఆ నివేదికల పేర్లు అక్షరం పొల్లుపోకుండా ఎత్తి ఆ తర్వాత వేసే అర్జీలో పెట్టండి. అప్పుడు ‘అర్థం కాలేదు’ అనడానికి వీలుండదు.

ఇప్పుడు ఆ రెండు షరతుల దగ్గరికి. ఆకాశం కనపడాలి, టవర్ అందాలి. జువ్వలదిన్నె నుంచి వేటకెళ్ళే మత్స్యకారుడు తీరం వదిలి కొంత దూరం పోతే టవర్ ఉండదు. చీమకుర్తి గ్రానైట్ క్వారీ అడుగున పనిచేసేవాడికి నెత్తిన ఆకాశం ముక్క మాత్రమే కనపడుతుంది, చుట్టూ రాతి గోడలకు తగిలి సంకేతం వంకర తిరిగి వస్తుంది, మనిషి కదలకపోయినా తెర మీద చుక్క కదులుతుంది. ఉదయగిరి కొండల కింద, ఎర్రగొండపాలెం అవతల నల్లమలలో టవర్ లేని చోట్లున్నాయి. స్లాబు ఇంట్లో లోపలి గదిలో పడుకున్నా చుక్క వీధి దాటి పోవచ్చు. ఇక బ్యాటరీ. ఇలాంటి చాలా పట్టీలకు రోజూ గంటో రెండు గంటలో ఛార్జింగు కావాలి, కాలికి ఉండగానే. అంటే మనిషి ప్లగ్గు పక్కన గోడకి ఆనుకుని కూర్చోవాలి. కొండపి వైపు పొగాకు బ్యారన్ కాల్చే రోజుల్లో రాత్రంతా పొయ్యి దగ్గర కాపలా ఉండేవాడు ఎప్పుడు కూర్చుంటాడు? రొయ్యల గుంట దగ్గర కాపలా ఉండేవాడి గుడిసెలో కరెంటు పోతే ఎవరిది తప్పు?

బ్యాటరీ అయిపోయినా, సిగ్నల్ పోయినా, చుక్క అనుమతించిన హద్దు గీత దాటినా, పట్టీ కోసినా కంట్రోల్ రూములో మోగేది అలర్టే. ఆ నాలుగింటినీ విడివిడిగా నమోదు చేస్తున్నారా, అన్నిటికీ ‘ఉల్లంఘన’ అని ఒకే పేరు పెడుతున్నారా? పెరోల్ ఉండటమో ఊడటమో ఆ ఒక్క గడి మీద ఆధారపడి ఉంది. అందుకని ‘నెలవారీగా, రకంవారీగా అలర్టుల నివేదిక, అలర్టు వచ్చాక సిబ్బంది ఏం చెయ్యాలో చెప్పే ఉత్తర్వు, సిస్టమ్ పనిచెయ్యని వేళల రిజిస్టరు’ అడగాలి. సిస్టమే ఆగిపోతుందా అంటారేమో. 2010 అక్టోబరులో అమెరికాలో బీఐ అనే కంపెనీ సర్వర్లో రికార్డులు సుమారు 210 కోట్లకు చేరి, అంతకుమించి పట్టక, 49 రాష్ట్రాల్లో 16 వేల మంది మీద నిఘా దాదాపు 12 గంటలు ఆగింది. పట్టీలు కాళ్ళకే ఉన్నాయి, కబురు మాత్రం అధికారులకు చేరలేదు.

ఇక ఇంగ్లండు సంగతి. ఇది విన్నాక నేను చెప్పిన మిగతావన్నీ మర్చిపోయినా ఫర్వాలేదు. అక్కడ ట్యాగింగు, అంటే ఇలా పట్టీ కట్టి నిఘా వేసే పనిని జీ4ఎస్, సెర్కో అనే రెండు కంపెనీలకిచ్చారు. 2013 జూలైలో న్యాయశాఖ మంత్రి పార్లమెంటులో లేచి చెప్పిన మాట ఏమిటంటే, ఈ కంపెనీలు తిరిగి జైలుకెళ్ళినవాళ్ళకీ, దేశం విడిచిపోయినవాళ్ళకీ, చివరికి చనిపోయినవాళ్ళకీ బిల్లు వేశాయి. చనిపోయినవాళ్ళకి! పట్టీ విప్పేసినా, ఆపమని కోర్టు నుంచి కాగితం రాలేదని రోజువారీ ఛార్జీ నడిచింది. ఒకే మనిషి మీద రెండు మూడు ఉత్తర్వులుంటే రెండు మూడు బిల్లులు వేశారు. సెర్కో 6.85 కోట్ల పౌండ్లు, జీ4ఎస్ సుమారు 10.9 కోట్ల పౌండ్లు వెనక్కి కట్టాయి. కాంట్రాక్టులు మొదలైంది 2005లో. అన్నేళ్ళు ఆ బిల్లుల మీద సంతకాలు పెట్టినవాళ్ళున్నారు, పాస్ చేసినవాళ్ళున్నారు. పక్కపక్కన మూడు కాగితాలు పెట్టి చూసినవాడు లేడు.

ఆ మూడు కాగితాలు రాసుకోండి, దయచేసి రాసుకోండి. కంపెనీ నెలవారీ బిల్లు, దాని అనుబంధంతో సహా. ఆ నెల పనిచేస్తున్న పరికరాల జాబితా, సీరియల్ నంబర్లతో. పెరోల్ ముగిసిన, రద్దయిన తేదీల జాబితా, జైలు గేటు రిజిస్టరు ప్రకారం. ఈ మూడూ ఒకే నెలవి అడగండి. బిల్లులో ఉన్న సీరియల్ నంబరు రెండో జాబితాలో లేకపోతే, గేటు లోపలికి వచ్చేసిన తేదీ తర్వాత కూడా రోజువారీ ఛార్జీ పడుతుంటే, అదంతా ప్రజల సొమ్ము. అధికారుల కంటే ముందు దాన్ని ఈ హాల్లో కూర్చున్న పిల్లలే పట్టుకోగలరు. కూడికలు, తీసివేతలు వస్తే చాలు.

సమయం దాటుతోందని అధ్యక్షుల వారు చీటీ పంపారు. జీతాలు, శిక్షణ, డేటా ఎన్నేళ్ళు ఉంచుతారన్న భాగం వదిలేస్తున్నాను. ఒక్క తిరస్కరణల సంగతి మాత్రం చెప్పనివ్వండి.

మొదట వచ్చేది ‘వ్యక్తిగత సమాచారం’. 2025 నవంబరులో డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ద్వారా 8(1)(జె) సెక్షన్ను మార్చారు. ఇదివరకు ఆ సెక్షన్లోనే ఉన్న ప్రజా ప్రయోజనం మాట పోయింది, వ్యక్తిగతం అంటే చాలు, ఆపవచ్చు. 8(2) మాత్రం అలాగే ఉంది. హాని కంటే ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చని అది చెబుతుంది. అయినా గొడవ దాకా ఎందుకు? మనకి ఏ ఖైదీ పేరూ అక్కర్లేదు, అడగనూ కూడదు. ఊళ్ళో తలెత్తుకుని బతకాలని చూస్తున్నవాడి పేరు మన అర్జీ వల్ల బయటపడితే అంతకంటే పాపం లేదు. ‘పేర్లు, చిరునామాలు, నేర వివరాలు సెక్షన్ 10 ప్రకారం తొలగించి ఇవ్వండి’ అని అర్జీలోనే రాసెయ్యండి.

రెండోది ‘వ్యాపార రహస్యం’, 8(1)(డి). కంపెనీకి నోటీసిస్తారు, సెక్షన్ 11 కింద పది రోజులు గడువు, మొత్తం నిర్ణయం 40 రోజుల్లో. పరికరం లోపలి డిజైను వద్దని, రోజుకి ఎంత చెల్లిస్తున్నారో, జరిమానా క్లాజు ఏమిటో కావాలని ముందే రాయండి. ఖరారైన కాంట్రాక్టులో ఖజానా కట్టే రేటు రహస్యమంటే నిలబడటం కష్టం. మూడోది ‘దర్యాప్తుకు ఆటంకం’, 8(1)(హెచ్). దర్యాప్తు ఉందన్నంత మాత్రాన చాలదు, ఎలా ఆటంకమో చూపాలని 2007లో ఢిల్లీ హైకోర్టు భగత్ సింగ్ కేసులో చెప్పింది. నిరాకరణ సబబేనని రుజువు చేసుకోవాల్సింది అధికారే, 19(5) చూడండి.

రుసుము మన రాష్ట్రంలో జిల్లా స్థాయి, ఆపైన 10 రూపాయలు, తెల్లకార్డు నకలు పెడితే అదీ లేదు. నకలుకు పేజీకి 2 రూపాయలు. ఫైలు లావుగా ఉంటే ముందు తనిఖీ అడగండి, మొదటి గంట ఉచితం, కావాల్సిన పేజీలకు చీటీలు పెట్టి అవే నకళ్ళు తీసుకోవచ్చు. అర్జీ చేతికిస్తే తేదీ ముద్రతో రశీదు, పోస్టులో వేస్తే పోస్టు రశీదు. నకళ్ళ ఖర్చు కట్టమని లేఖ వస్తే ఆలస్యం చెయ్యకండి, మీరు కట్టేదాకా ఆ రోజులు వాళ్ళ 30 రోజుల లెక్కలోకి రావు. 30 రోజులు దాటాక ఇస్తే 7(6) ప్రకారం నకళ్ళు ఉచితం. తప్పు కార్యాలయానికి వెళ్ళిందని వెనక్కి పంపితే ఒప్పుకోకండి, 6(3) కింద ఐదు రోజుల్లో వాళ్ళే సరైన చోటికి పంపాలి.

న్యాయవాదులకు ఒక్క మాట. పట్టీ అలర్టు పేరు చెప్పి మీ క్లయింటు పెరోల్ రద్దు చెయ్యబోతున్నారనుకోండి. అతని సొంత అలర్టుల లాగ్, అంటే నమోదుల పట్టిక, అతనే అడగవచ్చు, తన సమాచారానికి తానే పరాయివాడు కాడు. స్వేచ్ఛకు సంబంధించింది కాబట్టి 7(1) కింద గడువు 48 గంటలు. కవరు మీద, అర్జీ మొదటి వాక్యంలో ఆ సంగతి రాయండి, రద్దు నోటీసు నకలు జతచెయ్యండి. అది లేకపోతే మామూలు అర్జీల కట్టలో పడేస్తారు. రద్దుకి కారణాలు చెప్పాల్సిన బాధ్యత 4(1)(డి) కింద శాఖ మీద వేరే ఉంది, దాన్నీ ప్రస్తావించండి. తేదీ, వేళ, అలర్టు రకం, బ్యాటరీ శాతం, చివరి సిగ్నల్, సిబ్బంది ఫోన్ చేసిన వేళ, ఈ ఆరు గడులూ ఉన్న లాగ్ అడగండి. బ్యాటరీ శాతం సున్నా ఉన్న నిమిషానికే ‘పరారీ’ అని రాసుంటే, ఆ ఒక్క వరస కోర్టులో వాదనంతా మార్చేస్తుంది.

జవాబు రాకపోతే 30 రోజుల్లోపు అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు, అది తేలడానికి 30, ఎంత లాగినా 45 రోజులు. ఆ తర్వాత 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. జరిమానా రోజుకి 250, గరిష్ఠం 25 వేలు, అది అధికారి జేబులోంచి. అప్పీలులో 20వ సెక్షన్ కింద చర్య కోరుతున్నామని రాయడం చాలామంది మర్చిపోతారు.

నాలుగు అర్జీల నమూనాలు తెలుగులో టైపు చేయించి బయట బల్ల మీద పెట్టాం. ఖాళీల్లో మీ పేరు, చిరునామా, ఏ నెల నుంచి ఏ నెల వరకో రాసుకుంటే చాలు. హోం శాఖది ఒంగోలు నుంచి ఒకరు, నెల్లూరు నుంచి ఒకరు వేస్తే మంచిది, జవాబులు రెండూ ఒకేలా ఉన్నాయో లేదో పోల్చుకోవచ్చు. ఎస్పీ కార్యాలయం అర్జీ వేయడానికి ఇద్దరు విద్యార్థులు కావాలి, సభ అయ్యాక ఆ బల్ల దగ్గరికి రండి.