హోప్ ఐలాండ్: గోదావరి ఇసుక కట్టిన గోడ

[మ్యాప్: కాకినాడ తీరం, గౌతమి మొగ]

కాకినాడకి తూర్పున సముద్రంలో తోకకప్పలా కనిపిస్తున్న ఈ ఇసుక పట్టీయే హోప్ ఐలాండ్. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. వయసు రెండు వందల ఏళ్ల పైచిలుకు, అంటే దీవుల లెక్కలో నిన్న మొన్న పుట్టినట్టే. దీంట్లో రాయన్నది లేదు, అంతా గోదావరి మోసుకొచ్చిన సరుకే.

[యానిమేషన్: అలల దిశ, ఇసుక కదలిక]

నైరుతి గాలుల కాలంలో అలలు దక్షిణం నుంచి ఏటవాలుగా వచ్చి ఒడ్డుని కొడతాయి. గోదావరి పాయ గౌతమి వదిలిన ఇసుకని ఒడ్డు వెంబడే ఉత్తరానికి నెడతాయి. తీరం పడమటికి వంగే చోట అలల జోరు తగ్గి, ఇసుక అక్కడే పడిపోతుంది. అలా ఏటేటా సాగిన ఉత్తరపు కొనని ఇప్పుడు గోదావరి పాయింట్ అంటున్నారు.

ఈ గోడ వెనక నీళ్లు నిలకడగా ఉంటాయి కాబట్టి బురద పేరుకుంటుంది, బురదలో మడ మొలుస్తుంది. అందుకే దీవికి సముద్రం వైపు ఇసుక, రావణాసురుడి మీసాలనే గడ్డి, బాలబంద తీగ. ఇటు కాకినాడ అఖాతం వైపు తెల్లమడ, తిల్ల. మడ అడవుల కోరంగి అభయారణ్యంలో బావురుపిల్లి, నీటికుక్క తిరుగుతాయి. బావురుపిల్లిని పగలు వెళ్లి చూద్దామనుకుంటే ఎక్కువగా అడుగుజాడలే దక్కుతాయి.

[పాత పటం: కోరంగి రేవు]

ఓడలు కట్టిన కోరంగిని 1789లో, 1839లో తుపాన్లు ముంచేశాయి. తుపాను పోయినా పూడిక పోలేదు. రేవు మేట వేసింది, పెద్ద ఓడలు కాకినాడ వైపు తిరిగాయి. కోరంగిని చంపిన మేటే కాకినాడ ముందు అలలకి అడ్డుగోడ అయింది. ఎగువన ఆనకట్టలు ఇసుకని పట్టేస్తున్నాయి గనక ఆ గోడకి కొత్త సరుకు తగ్గుతోంది. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

[రాత్రి దృశ్యం, ఎర్ర దీపం]

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు సముద్రం వైపు ఇసుకెక్కుతాయి. తల్లి వెనక కాళ్లతో అడుగున్నర లోతు గొయ్యి తవ్వి, నూరు, నూట ఇరవై గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతుంది. నక్కలు, కుక్కలు తవ్వేస్తాయి కాబట్టి గుడ్లని కంచె వేసిన హేచరీకి మార్చాలి. అదీ పెట్టిన కొద్ది గంటల్లోనే. తర్వాత పిండం పెంకు లోపలి గోడకి అతుక్కుంటుంది. అప్పుడు గుడ్డుని దొర్లిస్తే పిండం చచ్చిపోతుంది. ఎత్తినప్పుడు ఏ వైపు పైకుందో ఆ వైపే పైకి ఉంచాలి. కొత్త గొయ్యి కూడా అదే లోతు, అడుగుభాగం వెడల్పుగా, మెడ సన్నగా ఉండాలి.

పిల్లలు రావడానికి 45 నుంచి 60 రోజులు. ఇసుక వేడి 29, 30 డిగ్రీలు దాటితే ఆడవే ఎక్కువగా పుడతాయి, అందుకే ఎండ ముదిరాక పైన నీడ వల కడతారు. బయటికొచ్చిన పిల్లలు వెలుగున్న వైపే పాకుతాయి. ఒడ్డున టార్చి వేస్తే సముద్రానికి వీపు పెట్టి నడుస్తాయి.

[పడవ మీద నుంచి]

వెళ్లాలంటే ముందు అటవీ శాఖని అడగండి. తర్వాత పోటు వేళ చూసుకోండి, అది రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అఖాతం దక్షిణాన లోతు తక్కువ. నీరు తీస్తున్నప్పుడు బయల్దేరితే పడవ బురదలో కూర్చుంటుంది, మళ్లీ పోటొచ్చేదాకా ఆరు గంటలు అక్కడే.