దీపాలు ఆర్పిన ఊరు

శ్రోతలకు నమస్కారం. పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాను అతలాకుతలం చేసి వెళ్లాక రోజుల తరబడి కరెంటు లేదు. దసరా నవరాత్రులు అప్పుడే మొదలయ్యాయి, చంద్రుడు పొద్దుపోకముందే అస్తమించేవాడు. మబ్బులు విడిపోయిన ఒక రాత్రి మేడ ఎక్కి చూస్తే, నెత్తిమీద పాలపుంత! చిన్నప్పుడు ఆరుబయట నులక మంచం మీద పడుకుని చూసిన పాలపుంత. మళ్లీ కనిపిస్తుందని అనుకోలేదు.

ఆ తర్వాత మూడు నెలలు తిరగకుండానే, 2019 జనవరి 1న, న్యూ హొరైజన్స్ అనే అంతరిక్ష నౌక ప్లూటోకు ఆవల ఉన్న ఒక చిన్న శిల పక్కగా దూసుకుపోయింది. దాని పేరు అరోకోత్. భూమికి 660 కోట్ల కిలోమీటర్ల దూరం. అక్కడి నుంచి రేడియో కబురు మనకు చేరడానికి ఆరు గంటలు పట్టింది. సంక్రాంతికి అరిసెలు ఒత్తేటప్పుడు చిన్నదొకటి పెద్దదానికి అంచున అంటుకుపోవడం చూశారా? అరోకోత్ ఆకారం ఇంచుమించు అదే. రంగు కూడా ఎరుపే. రెండు ముద్దలూ చాలా నెమ్మదిగా వచ్చి తాకి, అలాగే ఉండిపోయాయని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు.

పొడవు 36 కిలోమీటర్లే. 2014లో హబుల్ టెలిస్కోపు కనిపెట్టినప్పుడు అదొక చుక్క. ఆకారం తెలియాలంటే ఒకటే దారి: అది ఏదైనా నక్షత్రానికి అడ్డు వచ్చినప్పుడు భూమి మీద పడే నీడను పట్టుకోవాలి. 2017 జులై 17న ఆ నీడ అర్జెంటీనా దక్షిణాన కొమొడోరో రివదావియా ప్రాంతం మీదుగా పోతుందని లెక్క తేలింది. అక్కడ నడి చలికాలం, ఈదురుగాలి. ఊరివాళ్లు వీధిదీపాలు ఆర్పేశారు. బండ్ల వెలుగు పడకుండా పెద్ద రహదారిని రెండు గంటలు మూసేశారు. టెలిస్కోపులు గాలికి ఊగకుండా లారీలను అడ్డంగా నిలబెట్టారు. వరుసగా పెట్టిన 24 టెలిస్కోపుల్లో ఐదింటికి నక్షత్రం ఆరి వెలగడం దొరికింది. అంతా ఒక సెకను పని! ఆ ఐదు కొలతల నుంచే, ఇది రెండు ముద్దల శిల కావచ్చునన్న అనుమానం నౌక చేరకముందే కలిగింది. ఆ లారీ డ్రైవర్లను తలచుకుంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

పేరు సంగతి కూడా చెప్పాలి. అరోకోత్ అంటే ఆకాశం. అమెరికా ఆదివాసుల పౌహటన్ భాషలోని మాట అది. పముంకీ తెగ పెద్దల సమ్మతి తీసుకుని పెట్టారు. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుని నిఘంటువు కూర్చిన ఊరివాణ్ణి కనుక, ఈ మాట నాకు మరీ దగ్గరగా తోచింది.

తుఫాను తర్వాతి ఆ చీకటి రాత్రి, పాలపుంత నైరుతి దిక్కుకు వాలుతున్న చోట ధనూరాశి ఉంది. అరోకోత్ అటే ఉందని నాకప్పుడు తెలియదు. ఇప్పటికీ ఆ రాశిలోనే ఉంది. సూర్యుణ్ణి ఒక చుట్టు చుట్టడానికి దానికి 298 ఏళ్లు పడుతుంది. ఆషాఢ అమావాస్యనాడు, రాత్రి తొమ్మిది దాటాక, మేడమీది దీపం ఆర్పి దక్షిణానికి చూడండి. అరోకోత్ కంటికి ఆనదు. అది ఉన్న దిక్కు మాత్రం కనిపిస్తుంది.